స్పగెటీ మీట్‌బాల్స్: ఉండలు రాళ్లలా వస్తున్నాయి, సాస్ పుల్లగా ఉంటోంది, కాస్త సాయం చేయండి

కూకట్‌పల్లి_రవళి:
అందరికీ నమస్తే. మా అన్నయ్యవాళ్లు న్యూజెర్సీ నుంచి సెలవులకి వచ్చారు, పిల్లలిద్దరూ అక్కడే పుట్టి పెరిగారు, పెద్దవాడు వచ్చిన రోజు నుంచీ "అత్తా, స్పగెటీ మీట్‌బాల్స్ చేస్తావా" అని అడుగుతూనే ఉన్నాడు. సరే అని పోయిన ఆదివారం చేశాను. అర కిలో మటన్ ఖీమా తెచ్చి అందులో ఉల్లిపాయ, అల్లంవెల్లుల్లి పేస్ట్, విడిపోకుండా ఉంటాయని రెండు చెంచాల కార్న్‌ఫ్లోర్ వేసి గట్టిగా పిసికి ఉండలు చేసి డీప్ ఫ్రై చేశాను. కిలో టమాటాలు మిక్సీలో వేసి సాస్ చేశాను. స్పగెటీ ఉడకబెట్టి చల్లనీళ్లతో కడిగి ప్లేట్లో పెట్టి పైన సాస్ పోశాను. ఉండలు ఎంత గట్టిగా వచ్చాయంటే ఫోర్క్ దిగలేదు, సాస్ మన టమాటా చారులా పుల్లగా పల్చగా జారిపోయి ప్లేట్ అడుగున నిలిచింది. వాడు పాపం ఏమీ అనకుండా తిన్నాడు, కానీ నాకే మనసు ఒప్పలేదు. వాళ్లు తిరిగి వెళ్లేలోపు ఇంకో ఆదివారం ఉంది, ఆ రోజు బాగా చేయాలి. అమెరికాలో ఉన్నవాళ్లు, అసలు పద్ధతి తెలిసినవాళ్లు ఎక్కడ తప్పు చేశానో చెప్పండి. బీఫ్, పోర్క్ మా ఇంట్లో వండము, మటన్ లేదా చికెన్ మాత్రమే.

ఎడిసన్_వాణి:
రవళి గారూ, నేను న్యూజెర్సీలో పంతొమ్మిదేళ్లుగా ఉంటున్నా. మా పక్కింట్లో ఒక పెద్దావిడ ఉండేవారు, వాళ్ల తాతలు దక్షిణ ఇటలీలోని కలాబ్రియా నుంచి వచ్చినవాళ్లు. ఆదివారం పొద్దున చర్చికి వెళ్లేముందే పొయ్యి మీద పెద్ద గిన్నె పెట్టేవారు, మధ్యాహ్నం రెండు గంటలకి ఇల్లంతా మనుషులే. మన ఇళ్లలో ఆదివారం అంటే మటన్ ఎలాగో వాళ్లకి ఇది అలాగ. ఆ సాస్‌ని వాళ్లు సాస్ అనరు, గ్రేవీ అంటారు, ఇక్కడ జెర్సీలోనూ సౌత్ ఫిలడెల్ఫియాలోనూ చాలా పాత కుటుంబాలు అలాగే అంటాయి. ఆవిడ దగ్గర నిలబడి నేర్చుకున్నదే చెప్తున్నాను.

మీరు చేసిన పెద్ద పొరపాటు బ్రెడ్ వేయకపోవడం. మీట్‌బాల్‌కి ప్రాణం పాలలో నానిన బ్రెడ్. అర కిలో ఖీమాకి రెండు పెద్ద స్లైసులు, అంచులు తీసేసి ముక్కలు చేసి అర కప్పుకి కొంచెం తక్కువ పాలు పోసి పది నిమిషాలు వదిలేయండి, తర్వాత వేళ్లతో మెదిపితే మెత్తటి ముద్దలా అవ్వాలి. అందులో ఒక గుడ్డు, మూడు వెల్లుల్లి రెబ్బల తురుము, అర కప్పు తురిమిన పార్మెజాన్ లాంటి గట్టి చీజ్, సన్నగా తరిగిన పార్స్లీ (కొత్తిమీరలా కనిపించే ఆకు), ఒకటింపావు టీస్పూను ఉప్పు, అర టీస్పూను మిరియాల పొడి. ఇవన్నీ ముందే బాగా కలిపేయండి. ఖీమా మాత్రం చివర్లో వేసి, వేళ్లు విడదీసి పైపైన కలపాలి, పిసకొద్దు. చపాతీ పిండిలా పిసికితే ఎంత మంచి మాంసం అయినా రబ్బరే. మన అలవాటు వల్ల చేతులు వాటంతటవే పిసికేస్తాయి, అందుకే గట్టిగా చెప్తున్నా.

చేతులు తడి చేసుకుని పెద్ద నిమ్మకాయంత ఉండలు, బరువు చూస్తే యాభై గ్రాములు, అర కిలోకి దాదాపు పదిహేను వస్తాయి. వదులుగా చుట్టండి. విడిపోతాయేమో అని భయం వేస్తుంది, ఏమీ కాదు, గుడ్డు పట్టుకుంటుంది.

మటన్ ఖీమా అయితే కొట్టులోనే చెప్పండి కాస్త కొవ్వు ఉన్న చోట నుంచి ఇమ్మని, వందకి పదిహేను ఇరవై వంతులు కొవ్వు ఉండాలి. ఇక్కడ వాళ్లు బీఫ్, పోర్క్, వీల్ (లేత దూడ మాంసం) మూడూ కలిపి వాడతారు, పోర్క్ కొవ్వు వల్లే ఆ మెత్తదనం. మనం మటన్‌తో చేస్తే ఆ లోటు బ్రెడ్డూ పాలూ పూడ్చాలి. సాస్ గురించి మళ్లీ రాస్తా, ఇప్పుడు పిల్లని క్లాస్ నుంచి తేవాలి.

నెల్లూరు_నాయుడు:
వాణి గారూ ఒక సందేహం. మా అమ్మ కైమా ఉండల్లో పుట్నాల పొడి వేసేది, ఉండలు చక్కగా నిలబడేవి, నూనెలో వేసినా ఒక్కటి పగిలేది కాదు. పాలు బ్రెడ్ అంటే నాకు కట్‌లెట్ గుర్తొస్తోంది. పుట్నాల పొడి వేస్తే ఎందుకు కాదు? రెండూ చిక్కబడటానికేగా?

బాస్టన్_మాధవి:
నాయుడు గారూ, నేను ఫుడ్ సైన్స్ చదివాను, ఇదే పని చేస్తాను, అందుకే కాస్త వివరంగా చెప్తా. రెండూ ఒకే పని చేయవు, దాదాపు వ్యతిరేక పనులు చేస్తాయి. పుట్నాల పొడి పొడిగా ఉంటుంది కాబట్టి మాంసంలో తడిని తాను పీల్చుకుంటుంది, అందుకే ఉండ గట్టిగా నిలబడుతుంది. అమ్మగారు చేసేది నూనెలో వేయించి వేడివేడిగా తినే వంటకం, దానికి అది సరైన పద్ధతే, పైన కరకర, లోపల గుల్ల. ఇది సాస్‌లో ముప్పావు గంట ఉడికే ఉండ.

మాంసం వేడెక్కినప్పుడు ప్రోటీన్లు ముడుచుకుని ఒకదానికొకటి అతుక్కుంటాయి, లోపలి నీటిని బయటికి పిండేస్తాయి. తడి బ్రెడ్ ముద్ద ఆ ప్రోటీన్ల మధ్యలో దూరి అవి గట్టిగా అల్లుకోకుండా అడ్డుపడుతుంది, పైగా తన పిండిలో పాలని పట్టి ఉంచుతుంది. పొడి బ్రెడ్ క్రంబ్స్ అలాగే వేస్తే మాత్రం పుట్నాల పొడి లాగే మాంసం నీళ్లే తాగుతాయి. అందుకే ముందే నానాలి.

ఇంకోటి ఉప్పు. ఉప్పు తగలగానే మాంసంలో మయోసిన్ అనే ప్రోటీన్ కరిగి జిగురులా తయారవుతుంది, సాసేజ్ సాగేది దానివల్లే. ఉప్పు వేసిన ఖీమాని ఎంత పిసికితే అంత సాసేజ్ అవుతుంది. వాణి గారు ఉప్పుని ముందు బ్రెడ్‌లో కలపమని, ఖీమా చివర్లో వేయమని చెప్పింది అందుకే పనిచేస్తుంది. రవళి గారు కార్న్‌ఫ్లోర్ వేసి, గట్టిగా పిసికి, డీప్ ఫ్రై చేశారు, మూడూ ఉండని గట్టిపరిచేవే.

ఉల్లిపాయ వేసేట్టయితే పచ్చిగా వేయొద్దండి, నీరు వదిలి ఉండ చీలుతుంది. తురిమి పిండేసి వేయండి, లేదంటే నూనెలో మగ్గబెట్టి చల్లారాక వేయండి. మా ఇంట్లో అసలు వేయం.

క్లీవ్‌లాండ్_చిన్నా:
ఎవరో ఒకరు వచ్చి "ఇటలీలో అసలు ఈ వంటే లేదు, అమెరికా వాళ్లు పాడుచేశారు" అంటారని ముందే రాస్తున్నా, ఎందుకంటే ఆ మాట నాకు ఎప్పుడూ బాధనిపిస్తుంది. ఇది వలస వచ్చినవాళ్ల వంట. 1880 నుంచి 1920 మధ్యలో సుమారు 40 లక్షల మంది ఇటాలియన్లు అమెరికా వచ్చారు, ఎక్కువమంది దక్షిణ ఇటలీ పేదలు, నేపుల్స్ చుట్టుపక్కల నుంచి, కలాబ్రియా నుంచి, సిసిలీ నుంచి. ఊళ్లో ఉన్నప్పుడు మాంసం వాళ్లకి పండగ రోజు దొరికేది. ఇక్కడ ఫ్యాక్టరీ కూలీకి కూడా మాంసం కొనే స్తోమత వచ్చింది. దాంతో ఇటలీలో చిన్నగా, మాంసం కంటే బ్రెడ్డే ఎక్కువగా ఉండే పోల్పెత్తె అనే ఉండలు ఇక్కడ పెద్దవయ్యాయి, మాంసం ఎక్కువైంది, సాస్ ఎక్కువైంది, స్పగెటీతో కలిసి ఒకే ప్లేట్లోకి వచ్చాయి.

ఇటలీలో పోల్పెత్తె మామూలుగా విడిగా తింటారు, ముందు పాస్తా, తర్వాత మాంసం. నేపుల్స్ రగూ కూడా అంతే, మాంసం ముక్కలు టమాటాలో గంటలకొద్దీ ఉడికించి ముందు ఆ సాస్‌తో పాస్తా తిని తర్వాత మాంసం తింటారు. అలాగని ఇటలీలో పాస్తాతో ఉండలు లేనే లేవనడం కూడా తప్పు, అబ్రుజ్జో అనే ప్రాంతంలో తెరామో ఊరి వైపు శనగగింజంత చిన్న చిన్న ఉండలు పల్లొత్తీనె అని చేసి పాస్తాలో కలుపుతారు. కాబట్టి బీజం అక్కడిదే, పెరిగింది ఇక్కడ.

మా ఊరికి కూడా ఇందులో పాత్ర ఉంది. ఎత్తోరే బోయార్డీ అని ఇటలీలోని పియాచెంజా నుంచి వచ్చిన వంటాయన ఇక్కడ క్లీవ్‌లాండ్‌లో రెస్టారెంట్ నడిపాడు, జనం సాస్ ఇంటికి అడిగి పట్టుకెళ్లేవారు, ఆ గిరాకీ పెరిగి డబ్బా స్పగెటీ వ్యాపారం అయింది, 1938లో ఫ్యాక్టరీ పెన్సిల్వేనియాలోని మిల్టన్‌కి మార్చాడు. అమెరికన్లు పలకడానికి వీలుగా డబ్బాల మీద తన పేరు స్పెల్లింగే మార్చేశాడు. మన పేర్లు మనం ఇక్కడ కుదించుకోవడం గుర్తొస్తుంది నాకు.

నేను చెప్పొచ్చేదేంటంటే రవళి గారూ, మీరు మటన్‌తో చేస్తున్నందుకు తప్పుగా ఫీలవ్వకండి. చేతికి దొరికిన దాంతో ఇంటి రుచి తెచ్చుకోవడమే ఈ వంట పుట్టుక.

కూకట్‌పల్లి_రవళి:
ఎంత బాగా చెప్పారండి అందరూ, కళ్లు తెరుచుకున్నాయి. బ్రెడ్ సంగతి అర్థమైంది. మరి టమాటా? వీడియోల్లో అందరూ శాన్ మర్జానో డబ్బా అంటున్నారు, ఇక్కడ సూపర్‌మార్కెట్లో చూశాను, ఒక్క డబ్బా రేటు మూడు కిలోల టమాటాల రేటు కంటే ఎక్కువుంది. మన టమాటాలతో అవుతుందా అవదా?

కరీంనగర్_సంధ్య:
అయితది అక్కా, నేను హైదరాబాద్ల ఉన్నప్పటి నుంచి మన టమాటాలతోనే చేస్తున్న. శాన్ మర్జానో అంటే వెసూవియస్ అగ్నిపర్వతం దగ్గర సార్నో లోయల పండే పొడుగు టమాట, గుజ్జు ఎక్కువ, గింజలు తక్కువ, పులుపు తక్కువ. మన మార్కెట్ల దొరికే గుండ్రటి హైబ్రిడ్ టమాట దూరం రవాణాకు ఆగాలని పచ్చిగనే కోస్తరు, తోలు మందం, పులుపు ఎక్కువ. అందుకని కొన్న రోజే చేయొద్దు. పొడుగు రకం, కోడిగుడ్డు తీరు ఉండేవి ఏరుకొని రెండు మూడు రోజులు ఫ్రిజ్ బయట పెట్టు, ఎర్రగ మెత్తగ పండాలె. ఫ్రిజ్ల పెడితే వాసన చచ్చిపోతది.

కిలోన్నర తీసుకో. కింద కత్తితో గాటు పెట్టి మరిగే నీళ్లల్ల అర నిమిషం వేసి తీస్తే తోలు ఊడొస్తది. అడ్డంగ కోసి గింజలు ఒక జల్లెడ మీద పిండు, ఆ రసం మళ్ల సాస్లనే పోయి, గింజలు పారేయి. మిక్సీల మాత్రం తిప్పకు అక్కా. మిక్సీల గాలి కొట్టుకొని రంగు నారింజ అయితది, గింజ నలిగితే చేదొస్తది. చేత్తోని నలుపు.

మందపాటి గిన్నెల పావు కప్పు ఆలివ్ నూనె, అందులో ఒక ఉల్లిగడ్డ సన్నగ కోసి సిమ్ల పది నిమిషాలు మగ్గని, ఎర్రగ కావద్దు. అయిదు వెల్లుల్లి రెబ్బలు వేసి ఒక నిమిషం. ఇప్పుడు రెండు చెంచాల టమాటా పేస్ట్ వేసి అది నూనెల వేగి ముదురు ఇటుక రంగు అయ్యేదాక కలుపు. ఇది చాలమంది చెయ్యరు. మనం కూరల మసాలా పచ్చివాసన పోయేదాక వేపినట్టే ఇది గూడ. తర్వాత టమాట గుజ్జు, ఉప్పు, చిటికెడు ఎండు ఒరెగానో. మూత వారగ పెట్టి సన్న సెగ మీద నలభై నిమిషాలు. అప్పటికీ పుల్లగుంటే చక్కెర గుమ్మరించకు, పావు టీస్పూను వంటసోడా వేయి, నురగొస్తది, పులుపు విరుగుతది. ముందు సగమే వేసి రుచి చూసుకో. ఎక్కువైతే సబ్బు రుచి వస్తది.

టమాటా కెచప్ మాత్రం వేయకు. డబ్బాలు దొరికినా మొత్తం టమాటాలు ఉన్న డబ్బా కొను, ముక్కలు కోసినవి వద్దు. ముక్కలు గట్టిగ ఉండాలని కాల్షియం క్లోరైడ్ వేస్తరు, ఎంతసేపు ఉడికినా కరగవు.

బేసిల్ ఆకు దొరికితే దించే ముందు వేయి. మన తులసి వేయకు, ఆ వాసన వేరే దిక్కు తీస్కపోతది.

బాస్టన్_మాధవి:
వంటసోడా మాట నూటికి నూరుపాళ్లు నిజం. చక్కెర పులుపుని కప్పుతుంది, సోడా ఆమ్లాన్ని తగ్గిస్తుంది.

ఎడిసన్_వాణి:
సంధ్య గారు చెప్పినట్టు చేయండి రవళి గారూ, నా కంటే బాగా చెప్పారు. మా పక్కింటి పెద్దావిడ అయితే ఒక క్యారెట్ సగానికి కోసి గ్రేవీలో వేసి చివర్లో తీసేసేవారు.

ఇక ఉండల్ని ఎలా ఉడికించాలి. డీప్ ఫ్రై వద్దు. వెడల్పాటి పెనంలో రెండు మూడు చెంచాల నూనెలో అటూ ఇటూ ఎర్రబడేదాకా, వైపుకి రెండు నిమిషాలు చాలు, లోపల పచ్చిగానే ఉండాలి. తీసి పక్కన పెట్టండి. పెనం అడుగున అంటుకున్న ఎర్రటి పొరని ఒక గరిటెడు సాస్ పోసి గీకి మొత్తం గిన్నెలో కలపండి, రుచంతా అక్కడే ఉంది. తర్వాత ఉండల్ని సాస్‌లో ముంచి ముప్పై నలభై నిమిషాలు, పైన అప్పుడప్పుడు ఒక్కో బుడగ వచ్చేంత సన్న సెగ మీద. కుతకుత ఉడికితే ఉండలు పగులుతాయి.

క్లీవ్‌లాండ్_చిన్నా:
ఇక్కడ నేను వాణి గారితో ఒప్పుకోను. వేయించకుండా పచ్చి ఉండల్ని నేరుగా మరుగుతున్న సాస్‌లో వేస్తే ఇంకా మెత్తగా వస్తాయి, పాత కుటుంబాల్లో చాలామంది అలాగే చేస్తారు. మాంసం రసం అంతా సాస్‌లోకే పోతుంది. వేసిన పావుగంట దాకా గరిటె పెట్టకూడదు, గిన్నె చెవులు పట్టుకుని ఊపాలి అంతే. సన్న సెగ మీద ఆ ఉడుకుకి నేపుల్స్ వాళ్లకి ప్రత్యేకంగా ఒక మాట ఉంది, పిప్పియారె అంటారు, ఆ శబ్దమే మాటయింది.

ఎడిసన్_వాణి:
చిన్నా, మెత్తదనం ఒక్కటే చూస్తే నువ్వు చెప్పింది సరే. కానీ వేపిన మాంసం రుచి సాస్‌కి రాదు కదా. బీఫ్, పోర్క్ ఎముకలు వేసి నాలుగు గంటలు ఉడికించే పెద్ద గ్రేవీ అయితే ఆ రుచి ఎముకల నుంచి వస్తుంది, అప్పుడు పచ్చి ఉండలు వేసినా లోటు ఉండదు. రవళి గారు చేసేది గంటన్నర సాస్, అందులో ఎముకల్లేవు. కాబట్టి వేపాల్సిందే అంటాను. మటన్ వాసన పోవడానికి కూడా అది అవసరం.

క్లీవ్‌లాండ్_చిన్నా:
ఆ సంగతి ఆలోచించలేదక్కా. గంటన్నర సాస్‌కి మీ మాటే సరైనది.

విజయవాడ_సుబ్బు:
అందరూ ఇంత చెప్తున్నారు గానీ అర చెంచా గరం మసాలా, రెండు పచ్చిమిర్చి, కాస్త కొత్తిమీర వేస్తే మన నోటికి అదిరిపోతుంది. మా ఇంట్లో అలాగే చేస్తాం, పిల్లలు ప్లేట్లు నాకేస్తారు.

ఎడిసన్_వాణి:
సుబ్బు గారూ, అది తప్పకుండా రుచిగానే ఉంటుంది, కాదనను, మీ ఇంట్లో చేసుకోండి. కానీ రవళి గారి మేనల్లుడు అడిగింది వాడు స్నేహితుల ఇళ్లలో, స్కూల్లో తిన్న రుచి. గరం మసాలా పడగానే అది కోఫ్తా కూర అవుతుంది. లవంగం, యాలక్కాయ ముందు టమాటా, చీజ్, వెల్లుల్లి నిలబడవు. మన పప్పుచారులో ఎవరైనా ఒరెగానో వేస్తే మనకెలా ఉంటుందో చూడండి. కారం కావాలంటే ఎండుమిర్చి గింజలతో సహా నలిపి వెల్లుల్లితో పాటు నూనెలో వేయండి, దక్షిణ ఇటలీ వాళ్లకి, ముఖ్యంగా కలాబ్రియా వాళ్లకి మిరపకాయంటే మనకున్నంత ఇష్టం. అల్లం కూడా వద్దు. అల్లంవెల్లుల్లి పేస్ట్ డబ్బా ఆ రోజు బయటికి తీయకండి, వెల్లుల్లి ఒక్కటే.

గుంటూరు_లలిత:
మేము మాంసం తినము, గుడ్డు తింటాము. ఇదంతా చదువుతుంటే చేయాలనిపిస్తోంది. సోయా ముక్కలతో చేస్తే ఆ వాసన నాకు పడదు. వేరే దారి ఉందా?

క్లీవ్‌లాండ్_చిన్నా:
లలిత గారూ, ఉంది, అది కూడా ఇటలీదే. నేను పైన చెప్పిన అబ్రుజ్జోలోనే పల్లొత్తె కాచో ఎ ఓవా అని చేస్తారు, అంటే చీజ్, గుడ్డు ఉండలు. మాంసం కొనలేని రైతు కుటుంబాల వంట. నిన్నటి బ్రెడ్ నానబెట్టి పిండి, దాదాపు దానంత తురిమిన చీజ్, ముద్ద కట్టడానికి సరిపడా గుడ్లు, వెల్లుల్లి, పార్స్లీ. ఉండలు చేసి నూనెలో వేపి టమాటా సాస్‌లో ఇరవై నిమిషాలు ఉడికిస్తే సాస్ తాగి స్పాంజిలా ఉబ్బుతాయి.

ఒక్కటి చూసుకోండి. అసలైన పార్మిజానో రెజ్జానో చీజ్‌లో పాలు గడ్డకట్టడానికి దూడ కడుపులోంచి తీసే రెనెట్ వాడతారు, పెకొరీనో రొమానో చీజ్‌లో గొర్రెపిల్లది. మీరు శాకాహార నియమం గట్టిగా పాటిస్తే ఆకుపచ్చ చుక్క ఉన్న పార్మెజాన్ రకం చీజ్ కొనండి, మన దేశంలో తయారయ్యేవి దొరుకుతాయి.

గుంటూరు_లలిత:
రెనెట్ సంగతి నాకు ఇన్నాళ్లూ తెలియదండి. చెప్పి చాలా మేలు చేశారు.

షికాగో_శేఖర్:
ఆలస్యంగా చూశాను. చదువుకునే రోజుల్లో మూడేళ్లు ఒక ఇటాలియన్ అమెరికన్ రెస్టారెంట్ కిచెన్‌లో పాస్తా దగ్గర నిలబడ్డాను, కాబట్టి ఆ ముక్క నేను చెప్తా, ఎందుకంటే రవళి గారి సాస్ అడుగున నిలవడానికి సగం కారణం స్పగెటీని కడగడమే. పైనున్న పిండి పొరే సాస్‌ని పట్టుకునేది, దాన్ని కడిగేస్తే సాస్ జారిపోక ఏం చేస్తుంది. నీళ్లలో నూనె కూడా వేయకండి, అదీ అంతే.

నాలుగువందల గ్రాముల స్పగెటీకి నాలుగు లీటర్ల నీళ్లు. ఇటలీలో లెక్క లీటరుకి 10 గ్రాముల ఉప్పు, నేను చీజ్ ఉప్పు కూడా ఉంటుంది కదా అని 8 వేస్తాను. కొత్తవాళ్లకి అది ఎక్కువ అనిపిస్తుంది, కానీ ఎక్కువ భాగం నీళ్లలోనే ఉండిపోతుంది. ప్యాకెట్ మీద డ్యూరమ్ గోధుమ రవ్వ అని ఉండాలి, మైదా కలిసిందైతే ముద్దవుతుంది. స్పగెటీ విరవకండి, ఒక నిమిషంలో అదే వంగి మునుగుతుంది.

ప్యాకెట్ మీద రాసిన టైమ్‌కి రెండు నిమిషాల ముందే తీయాలి, కొరికి చూస్తే మధ్యలో కొంచెం పలుకు ఉండాలి. వార్చేముందు రెండు కప్పుల గంజి తీసి పక్కన పెట్టండి, ఇది మర్చిపోవద్దు. ఈలోపు ఉండల్ని గిన్నెలోంచి తీసి పక్కన పెట్టి, మూడు నాలుగు గరిటెల సాస్ పెద్ద బాణలిలో వేసి వేడి చేయండి. స్పగెటీ అందులో వేసి అర కప్పు గంజి పోసి పెద్ద మంట మీద రెండు నిమిషాలు ఎగరేస్తూ కలపండి. మొదట నీళ్లగా కనిపిస్తుంది, కంగారు పడకండి, గంజిలో పిండి, సాస్‌లో నూనె కలిసి చిక్కగా మెరుస్తూ ప్రతి పోగుకీ అంటుకుంటుంది. మంట ఆపాకే చీజ్. మంట మీద వేస్తే ఉండ కట్టి గరిటెకి అతుక్కుంటుంది.

రెస్టారెంట్‌కి వచ్చినవాళ్లలో ప్లేట్ అడుగున ఎర్రటి నీళ్లు చూసి వెనక్కి పంపినవాళ్లు ఉన్నారు, ప్రతిసారీ కారణం ఈ రెండు నిమిషాలు ఎగ్గొట్టడమే. సాస్ పైన పోసే వంట కాదండి ఇది, సాస్‌లో పూర్తి చేసే వంట.

కూకట్‌పల్లి_రవళి:
అందరికీ రిపోర్ట్. నిన్న చేశాను. రాత్రి నిద్ర పట్టక రెండుసార్లు మీ పోస్టులన్నీ చదువుకున్నాను.

మటన్ కొట్టులో ముందు రోజే చెప్పి తొడ దగ్గరి ఖీమాలో కొంచెం కొవ్వు కలిపించాను. టమాటాలు గురువారం తెచ్చి గట్టు మీద పెట్టాను, ఆదివారానికి ఎర్రగా పండాయి. సంధ్య గారూ, పేస్ట్ వేపడం దగ్గరే వాసన మారిపోయింది, అన్నయ్య హాల్లోంచి లేచి వచ్చి ఏం చేస్తున్నావే అని అడిగాడు. సోడా సగం వేశాను, అది సరిపోయింది. ఉండలు చుట్టేటప్పుడు చాలా భయం వేసింది, చేతిలో జారిపోయేంత మెత్తగా ఉన్నాయి, మధ్యలో ఇంకో స్లైస్ బ్రెడ్ వేసేద్దామా అనుకున్నాను, కానీ వాణి గారు ఏమీ కాదు అన్నారని ఆగాను. పదిహేనులో ఒక్కటే విరిగింది, అది కూడా నేను తొందరపడి తిప్పడం వల్ల.

నలభై నిమిషాలకి ఒకటి కోసి చూస్తే మటన్ ఇంకా కొంచెం బిగువుగా అనిపించింది, ఇంకో పావుగంట ఉంచాను, అప్పుడు సరిగ్గా వచ్చింది. మటన్‌తో చేసేవాళ్లు ఆ పావుగంట లెక్కలో వేసుకోండి. అంతసేపట్లో సాస్ చిక్కబడిపోయింది, అక్కడ శేఖర్ గారి గంజి ఆదుకుంది.

మేనల్లుడు మొదటి ముద్ద తిని నాలుగు పెట్టించుకున్నాడు. చివర్లో ప్లేట్లో సాస్‌ని బ్రెడ్ ముక్కతో తుడిచి తిన్నాడు, వాడి స్నేహితుడి ఇంట్లో అలాగే చేస్తారట. వాడు "అత్తా, మళ్లీ వచ్చినప్పుడు కూడా చేస్తావు కదా" అంటే నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. మీ అందరి రుణం ఎలా తీర్చుకోవాలో తెలియట్లేదు. సాస్, ఐదు ఉండలు మిగిలాయి, ఫ్రీజర్‌లో పెట్టొచ్చా?

ఎడిసన్_వాణి:
చదువుతుంటే కడుపు నిండిపోయింది రవళి గారూ. సాస్‌తో కలిపే డబ్బాలో పెట్టండి, ఉండలు పూర్తిగా మునగాలి, రెండు మూడు నెలలు ఉంటాయి. విడిగా పెడితే ఎండిపోతాయి. కానీ ఐదే కదా, రేపే పొడుగు బన్ను చీల్చి ఉండలు సగానికి కోసి పెట్టి సాస్, మోజరెల్లా వేసి చీజ్ కరిగేదాకా ఓవెన్‌లో పెట్టండి. ఇక్కడ ఆదివారం మిగిలింది సోమవారం లంచ్‌కి ఇలాగే వెళ్తుంది.

నెల్లూరు_నాయుడు:
నేను ఈ ఆదివారం చికెన్‌తో చేస్తున్నా, బోన్‌లెస్ తొడ మాంసం కైమా కొట్టిస్తాను. పాలు బ్రెడ్ అదే కొలతా?

బాస్టన్_మాధవి:
కాదండి, చికెన్ కైమాలో తడి ఎక్కువ, అదే కొలత వేస్తే ఉండ చుట్టడానికి రాదు. అర కిలోకి బ్రెడ్ రెండు స్లైసులే, పాలు మూడు నాలుగు టేబుల్ స్పూన్లు చాలు. కలిపాక అరగంట ఫ్రిజ్‌లో పెట్టి అప్పుడు చుట్టండి. సాస్‌లో ఇరవై నిమిషాలకి అయిపోతుంది, థర్మామీటర్ ఉంటే ఉండ మధ్యలో 74 డిగ్రీల సెల్సియస్ చూసుకోండి. బ్రెస్ట్ కాకుండా తొడ ఎంచుకున్నారు, మంచి పని చేశారు.

నెల్లూరు_నాయుడు:
సరేనండి. పుట్నాల డబ్బా పక్కన పెట్టేస్తున్నా. ఆదివారం సాయంత్రం వచ్చి చెప్తాను.